అష్టగ్రహ కూటమి: లెక్క ఎక్కడ తప్పింది?

1962 ఫిబ్రవరి 3, 4, 5 తేదీల్లో ప్రపంచం అంతమైపోతుందని మన దేశంలో ఎంతోమంది గట్టిగా నమ్మారు. సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని, వీళ్ళతో బాటు కేతువు, మొత్తం ఎనిమిది గ్రహాలు మకరరాశిలో చేరాయి. దానికే అష్టగ్రహ కూటమి అని పేరు. ఊరూరా హోమాలు జరిగాయి, అఖండ భజనలు జరిగాయి. ప్రధానమంత్రి నెహ్రూ ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేశారు గాని, భయపడేవాళ్ళు భయపడుతూనే ఉన్నారు. మా అమ్మమ్మ ఆ మూడు రాత్రులూ పిల్లలందరినీ ఒకే గదిలో పడుకోబెట్టిందట, పోతే అందరం కలిసే పోదామని.

ఆరో తేదీ మామూలుగానే తెల్లారింది. ఆవిడ లేచి పాలు పితికింది. ఆ నెల 19 నుంచి 25 దాకా దేశం మూడో సార్వత్రిక ఎన్నికల్లో ఓట్లు వేసింది. మధ్యలో, 20వ తేదీన, అమెరికాలో జాన్ గ్లెన్ రాకెట్టెక్కి భూమి చుట్టూ మూడు చుట్లు తిరిగి క్షేమంగా దిగాడు.

ఇదంతా మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యడం నాకు నచ్చదు. ప్రోగ్రాములు రాసుకు బతికేవాళ్ళకి ఒక అలవాటుంది. జవాబు తప్పొస్తే ప్రోగ్రామంతా చెత్తబుట్టలో వెయ్యం. ఏ వరస దాకా సరిగ్గా నడిచింది, ఏ వరసలో తప్పింది అని వెతుకుతాం. 1962 భయాన్ని కూడా అలా చూడాలి.

పంచాంగకర్తల గణితం తప్పలేదు. గ్రహాలు చేరతాయన్న రోజుకే చేరాయి. మన టైము ప్రకారం 5వ తేదీ తెల్లవారుజామున సంపూర్ణ సూర్యగ్రహణం కూడా పట్టింది, న్యూగినీ, పసిఫిక్ సముద్రాల మీదుగా. ఇక్కడే కేతువు సంగతి చెప్పాలి. కేతువు రాయీ కాదు, వాయువూ కాదు. సూర్యుడు నడిచినట్టు కనిపించే దారినీ చంద్రుడి దారినీ గీస్తే అవి రెండు చోట్ల ఖండించుకుంటాయి. ఆ రెండు బిందువులే రాహుకేతువులు. అమావాస్యనాడు సూర్యచంద్రులు ఆ బిందువు దగ్గరికి వస్తే గ్రహణం పడుతుంది. అంచేత కేతువు కూటమిలో ఉండడమంటే ఆ రోజు గ్రహణం ఉంది అని చెప్పడమే. రెండు రోడ్లు కలిసే కూడలికి బరువెక్కడిది? అంటే ఎనిమిదిలో ఒకటి తగ్గి ఏడయ్యాయి.

ఇక ఆ ఏడు. భూమి మీద నుంచి చూస్తే అన్నీ సూర్యుడి పక్కనే ఉన్నాయి. కాని "పక్కన" అన్నది మన కంటికి మాత్రమే. ఆ రోజుల్లో కుజుడు, శుక్రుడు, గురుడు, శని నలుగురూ సూర్యుడికి అవతలి వైపు ఉన్నారు. అంటే ఏ గ్రహాలు మీదపడతాయని భయపడ్డామో, ఆ గ్రహాలు అప్పుడు మనకి దాదాపు అతి దూరంలో ఉన్నాయి! సూర్యుడి వెలుగులో కలిసిపోయాయి కనక ఆకాశంలో చూద్దామన్నా కనిపించవు. ఈ సంగతి ఎవరైనా మా అమ్మమ్మకి ఓ పీట మీద ముగ్గు వేసి చూపించి ఉంటే, ఆవిడకి అర్థమయ్యేదనే నా నమ్మకం.

గ్రహాలు దూరంగా ఉన్నా కలిసి లాగితే? ఈ లెక్క మీరే కట్టుకోవచ్చు. సముద్రంలో పోటు లేపే శక్తి, లాగే వస్తువు ద్రవ్యరాశిని బట్టి పెరుగుతుంది, దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. దూరం రెట్టింపయితే పోటు ఎనిమిదో వంతుకి పడిపోతుందన్న మాట. గురుడి ద్రవ్యరాశి చంద్రుడికి దాదాపు 26 వేల రెట్లు. బాగా పెద్దదే. కాని ఆ వారం గురుడు సుమారు 90 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, చంద్రుడి దూరానికి 2,350 రెట్లు. దాని ఘనం 1,300 కోట్లు. దాన్ని 26 వేలతో భాగిస్తే 5 లక్షలు. అంటే చంద్రుడు లేపే పోటులో గురుడి వాటా 5 లక్షల్లో ఒక వంతు. శుక్రుడి వాటా 40 లక్షల్లో ఒక వంతుకి కూడా రాదు. మిగిలింది సూర్యచంద్రుల పోటు. అది ప్రతి అమావాస్యకీ వచ్చేదే, జాలరులకి తెలియనిది కాదు.

కాబట్టి తప్పిన వరస ఒక్కటే. "గ్రహాలు చేరతాయి" నుంచి "భూమికి కీడు" దాకా వెయ్యాల్సిన వంతెన ఎవరూ వెయ్యలేదు, గంతేశారు.

ఈ గంతు మన ఒక్కరి సొత్తూ కాదు. జర్మనీలో స్టోఫ్లర్ అనే గణితజ్ఞుడు మరొకరితో కలిసి 1499లో అచ్చువేసిన పంచాంగంలో, 1524 ఫిబ్రవరిలో గ్రహాలు మీనరాశిలో గుమిగూడతాయని రాశాడు. మీనం జలరాశి కనక జలప్రళయమే అన్నారు జనం. అచ్చుయంత్రం అప్పటికి కొత్త. నూటికి పైగా కరపత్రాలు వెలువడ్డాయి. ప్రళయం రాలేదు, కరపత్రాలు మాత్రం అమ్ముడయ్యాయి.

మేముండే కాలిఫోర్నియా వంతు 1982లో వచ్చింది. గ్రిబిన్, ప్లేజ్‌మన్ అనే ఇద్దరు చదువుకున్న శాస్త్రజ్ఞులు 1974లో "ది జూపిటర్ ఎఫెక్ట్" అని పుస్తకం రాశారు. ఐజాక్ అసిమోవ్ దానికి ముందుమాట రాశాడు. గ్రహాల వల్ల సూర్యుడిలో మచ్చలు, మచ్చల వల్ల భూమి వాతావరణంలో మార్పు, దాని వల్ల భూభ్రమణంలో కుదుపు, ఆ కుదుపుకి లాస్ ఏంజిలెస్‌లో భూకంపం, ఇదీ వాళ్ళ గొలుసు. మన హోమాలకన్నా మర్యాదగా కనిపిస్తుంది గాని, మొదటి లంకే పుచ్చు. 14 లక్షల కిలోమీటర్ల వ్యాసమున్న సూర్యుడి మీద గ్రహాలు లేపే పోటు మిల్లీమీటరు లెక్కలో ఉంటుంది. పైగా వరసలో నిలబడతాయన్న గ్రహాలు 95 డిగ్రీల మేర చెదిరి ఉన్నాయి. 1982 మార్చి 10 వచ్చి వెళ్ళిపోయింది. (స్కైలాబ్ సంగతి వేరు. అది నిజంగానే 1979లో కూలింది. ఆ కథ ఇంకోసారి.)

నన్ను బాధపెట్టే విషయం ఇంకొకటుంది. 1962లో లేని ప్రళయానికి అంత ఏర్పాటు చేసుకున్నాం. నిజమైన ప్రళయం 1977 నవంబర్ 19న దివిసీమ మీదికి ఉప్పెనగా వచ్చింది. కనీసం పది వేలమంది చనిపోయారు. దానికి హోమాలు జరగలేదు, భజనలు జరగలేదు. చెయ్యాల్సింది అవి కాదు కూడా. తుపాను ఎక్కడుందో చూసే కన్ను కావాలి, ఆ కబురు మారుమూల పల్లెకి చేరే దారి కావాలి, ఎక్కి నిలబడడానికి గట్టి మేడ కావాలి. ఆ తరవాత తీరం వెంబడి తుపాను షెల్టర్లు కట్టారు. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్ళి మబ్బుల బొమ్మలు పంపడం మొదలుపెట్టింది. 1990 మే 9న అంతే భయంకరమైన తుపాను మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఆసరికి లక్షలమందిని లోపలి ఊళ్ళకి తరలించేశారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు.