రోడ్డేశారు సరే, బస్సెన్నింటికి?

మాది అశ్వారావుపేట. ఖమ్మం జిల్లా అని చెప్పుకుంటూ పెరిగాం, 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. ఒక పక్క అడవి, ఒక పక్క పామాయిల్ తోటలు, కాస్త ముందుకెళ్తే ఆంధ్ర సరిహద్దు. రైలు మాత్రం లేదు. చదువుకి ఖమ్మం పోయినా, కోచింగుకి అమీర్‌పేట పోయినా, ఆపరేషనుకి రాజమండ్రి పోయినా బస్సే. కాబట్టి బస్సుల గురించి నాకు కాస్త పక్షపాతం ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా.

పోయిన నెల ఆఫీసులో భోజనాల దగ్గర మెట్రో విస్తరణ గురించి మాటొచ్చింది. నేను ఊరుకోలేక, "మెట్రోకయ్యే ఖర్చులో ఇరవయ్యో వంతు పెడితే బీఆర్టీఎస్ వచ్చేస్తుంది కదా" అన్నాను. మా టీములో విజయవాడ కుర్రాడొకడు ఉన్నాడు. పడీపడీ నవ్వాడు. "అన్నా, మా ఊళ్ళో బీఆర్టీఎస్ రోడ్డు ఉంది. దానిమీద అన్నీ తిరుగుతాయి, బీఆర్టీఎస్ బస్సు తప్ప" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచిస్తే, ఇన్నేళ్ళూ నేను బీఆర్టీఎస్‌ని వెనకేసుకొచ్చానే గానీ, ఒక్కసారి కూడా కాగితం మీద లెక్క వేయలేదని తెలిసింది. ఇదిగో ఆ లెక్క, దాని వెనకున్న కథ.

ముందు కథ. రోడ్డు మధ్యలో బస్సులకి విడిగా దారి కట్టి, రైల్లాగా నడపడం అనే ఆలోచనను పెద్ద ఎత్తున చేసి చూపించింది బ్రెజిల్‌లోని కురిచిబా. 1974లో మొదలుపెట్టారు. అక్కడి మేయరు జైమీ లెర్నర్ వృత్తిరీత్యా ఆర్కిటెక్టు. మెట్రోకి డబ్బుల్లేక బస్సుతోనే మెట్రో పని చేయిద్దామనుకున్నారు. 2000 డిసెంబరులో కొలంబియా రాజధాని బొగోటాలో ట్రాన్స్‌మిలేనియో మొదలైంది. గంటకి ఒక వైపు నలభై వేల మందికి పైగా మోయగలదని అది రుజువు చేశాక ప్రపంచమంతా అటు చూసింది. (అక్కడి జనం ఇప్పుడు ఆ బస్సుల్లో రద్దీ భరించలేక తిట్టుకుంటారు. అది వేరే సంగతి.)

మన దేశంలో 2005 డిసెంబరులో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం వచ్చింది. విజయవాడ, విశాఖల స్థాయి నగరాలకి ఖర్చులో సగం కేంద్రమే ఇస్తానంది. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం, వాహనాలని కాదు, మనుషుల్ని కదిలించడం గురించి ఆలోచించండి అని చెప్పింది. చక్కటి మాట. దాంతో ఊరూరా బీఆర్టీఎస్ ప్రాజెక్టు రిపోర్టులు తయారయ్యాయి.

విజయవాడది పదిహేను కిలోమీటర్ల పైచిలుకు, నూట యాభై కోట్ల పైచిలుకు. విశాఖలో రెండు దారులు: ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మొదలై ఒకటి ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా, రెండోది హనుమంతవాక, సింహాచలం మీదుగా, రెండూ పెందుర్తికే. కలిపి దాదాపు నలభై కిలోమీటర్లు, సుమారు 450 కోట్లు. అంటే ఏ ఊరు చూసినా కిలోమీటరుకి పది, పదకొండు కోట్లు. హైదరాబాదు మెట్రోకి 2010లో ఒప్పందం నాటి అంచనా 71 కిలోమీటర్లకి పద్నాలుగు వేల కోట్ల చిల్లర, కిలోమీటరుకి రెండొందల కోట్లు. ఇరవయ్యో వంతు అని నేను ఊరికే అనలేదన్నమాట.

మరి ఏమైంది? విశాఖలో సింహాచలం - అడవివరం దగ్గర దేవస్థానం భూముల చిక్కు పడి పని ఏళ్ళ తరబడి ఆగింది. మధ్యలో ముక్క లేని దారి సగం డౌన్‌లోడైన ఫైలు లాంటిది, ఎంత శాతం అయిందన్నది అనవసరం, తెరుచుకోదు. విజయవాడ కథ ఇంకా చిత్రం. సత్యనారాయణపురం మధ్య నుండి ఒకప్పుడు రైలు పట్టాలు పోయేవి. పట్టాలు తీసేసిన ఆ స్థలంలో బీఆర్టీఎస్ రోడ్డు వేశారు. నగరం నడిబొడ్డున ఇంత విశాలమైన స్థలం దొరకడం అదృష్టం. రోడ్డు బ్రహ్మాండంగా వచ్చింది. కానీ మధ్యలో బస్సుల కోసం కట్టిన దారిలో సర్వీసు ఏనాడూ నిలదొక్కుకోలేదు. ఊరికి మాత్రం ఒక పేరు మిగిలింది. ఆటోవాణ్ణి అడిగినా "బీఆర్టీఎస్ రోడ్డు" అంటే టక్కున తీసుకెళ్తాడు.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. మా పెద్దమ్మ వాళ్ళది ఆ ప్రాంతమే. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి కార్లో వాళ్ళింటికి వెళ్తూ, పక్క దారిలో ట్రాఫిక్ ఆగిపోతే, నేనూ బండిని ఆ బస్సు లేనులోకి ఎక్కించేశాను. పక్కన కూర్చున్న మా అన్నయ్య, "పోనీరా, ఎలాగూ ఖాళీయేగా" అన్నాడు. బీఆర్టీఎస్‌ని సమర్థించే నాకే ఖాళీ దారి చూస్తే చేతులు ఆగలేదు. ఇక మిగతావాళ్ళని ఏమనగలను?

సరే, ఇప్పుడు లెక్క. ఖర్చంటే కోట్లు మాత్రమే కాదు. కార్ల నుండీ బైకుల నుండీ లాక్కున్న ఒక లేను కూడా ఖర్చే. సిగ్నళ్ళున్న మన రోడ్లలో ఒక లేను గంటకి ఎనిమిది వందల నుండి వెయ్యి కార్లని దాటిస్తుందనుకుందాం. కారుకి సగటున ఒకటిన్నర మనిషి. అంటే 1,200 నుండి 1,500 మంది. బస్సుకి 50 మంది చొప్పున వేసుకుంటే, అదే లేనులో అంతమందిని పంపాలంటే గంటకి 24 నుండి 30 బస్సులు కావాలి. సుమారుగా రెండు నిమిషాలకో బస్సు.

నా దృష్టిలో అసలు గీత ఇదే. నిమిషానికో బస్సు నడిపితే 3,000 మంది, కార్లకిచ్చిన దానికి రెట్టింపు, లేను లాభం. పది నిమిషాలకో బస్సు నడిపితే 300 మంది, లేనులో ఐదింట నాలుగు వంతులు దండగ. బైకుల్ని కూడా కలిపితే గీత ఇంకా పైకి పోతుంది. ఇవి నేను వేసుకున్న ఉజ్జాయింపు అంకెలే, మీ అంకెలు వేసి చూడండి, గీత కాస్త అటూ ఇటూ జరుగుతుంది గానీ మాయమైపోదు. ఒకటే కాంక్రీటు, ఒకటే ఖర్చు. అది లాభమా దండగా అన్నది తేల్చేది దానిమీద ఎన్ని బస్సులు నడుస్తాయన్నదే.

అయితే మన పథకంలో డబ్బు మొదట వచ్చింది దేనికి? రోడ్డుకి. బస్సులు కొనడానికి కేంద్రం పెద్ద ఎత్తున డబ్బిచ్చింది 2009లో, అదీ అమెరికా మాంద్యం పుణ్యమా అని ప్రకటించిన ఉద్దీపన ప్యాకేజీలో. ఆ ఏడాది మనలో చాలామంది బెంచి మీద కూర్చుని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని లెక్కపెట్టుకుంటున్నాం, గుర్తుందా? ఆ మాంద్యం వల్ల బస్సులు వచ్చాయి. కొన్నాక వాటిని రోజూ నడిపే డ్రైవరు జీతం, డీజిలు, నష్టం ఎవరు భరించాలన్నది మళ్ళీ ఆర్టీసీ నెత్తినే. సర్వర్లు కొనడానికి బడ్జెట్ ఇచ్చి, వాటిని చూసుకునే మనిషికి జీతం లేదన్నట్టు.

"అయితే ఢిల్లీ సంగతేంటి? అక్కడ బస్సులు ఉన్నాయిగా" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు, 2008లో మొదలైంది. రద్దీ వేళల్లో గంటకి వంద దాటి బస్సులు పోయేవి. నా లెక్క ప్రకారం భేషుగ్గా గీత దాటింది. అయినా పక్కన సిగ్నల్లో ఆగిపోయిన కార్లవాళ్ళకి ఒళ్ళు మండింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2012లో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. 2015లో ప్రభుత్వమే తీసేయాలని నిర్ణయించి, 2016లో పీకించేసింది. నిమిషానికో బస్సు పోయే దారి కూడా పక్కన ఆగిన కార్లోంచి చూస్తే ముప్పావు వంతు సేపు ఖాళీగానే కనిపిస్తుంది మరి. ఢిల్లీది కార్లవాళ్ళ కోపంతో చచ్చిన ప్రాజెక్టు, విజయవాడది బస్సుల్లేక చచ్చిన ప్రాజెక్టు. రోగాలు రెండూ వేరు. రెంటినీ కలిపి "బీఆర్టీఎస్ ఫెయిల్" అనేస్తే మందు ఎప్పటికీ దొరకదు.

అహ్మదాబాదులో 2009 అక్టోబరులో మొదలైన జన్‌మార్గ్ ఇప్పటికీ నడుస్తోంది. దానికీ లోపాలున్నాయి, కానీ అక్కడ నగరపాలక సంస్థ ఈ పని కోసమే ఒక కంపెనీ పెట్టింది. బస్సు రాకపోతే ఎవరి గల్లా పట్టుకోవాలో తెలుసు. మన దగ్గర రోడ్డు కార్పొరేషనుది, బస్సు ఆర్టీసీది, సిగ్నలు పోలీసులది. ముగ్గురూ ఎవరి పని వాళ్ళు చేశామంటారు. ప్రొడక్షన్లో బగ్ వచ్చినప్పుడు మూడు టీములు ఒకదానికొకటి టికెట్టు తిప్పుకోవడం మనకి తెలియనిది కాదు.

నిజానికి ఇక్కడ బస్సు పుట్టినప్పుడు ఈ గొడవ లేదు. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. రైలూ, బస్సూ ఒకే యజమానివి. ఆ శాఖే చేతులు మారి 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. అప్పట్లో మా ఊరు నిజాం రాజ్యం, పక్కనున్న జంగారెడ్డిగూడెం మద్రాసు వైపు. 1956లో ఆ గీత చెరిగింది, 2014లో మళ్ళీ పడింది. మా పక్కనే ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలైతే పోలవరం కోసం ఆంధ్రలోకి వెళ్ళిపోయాయి.

ఆ గీత విలువ మాకు 2020లో తెలిసొచ్చింది. లాక్‌డౌన్‌తో రెండు రాష్ట్రాల మధ్య బస్సులు ఆగాయి. మే నెలలో ఎవరి రాష్ట్రంలో వాళ్ళు తిప్పుకోవడం మొదలుపెట్టారు గానీ, గీత దాటలేదు. ఎవరి బస్సులు అవతల ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్న దానిమీద రెండు ఆర్టీసీలకీ కుదరలేదు. ఆ రోజుల్లో జంగారెడ్డిగూడెంలో మా పిన్ని కాలు జారిపడి ఆసుపత్రిలో చేరింది. ముప్ఫై కిలోమీటర్లు, అటూ ఇటూ. అమ్మ వెళ్ళాలి. నేను హైదరాబాదులో వర్క్ ఫ్రమ్ హోమ్. అమ్మ సరిహద్దు దాకా ఒక ఆటో, దిగి కాస్త నడక, జీలుగుమిల్లి వైపు ఇంకో ఆటో, అక్కణ్ణుంచి మరో బండి పట్టుకుని మధ్యాహ్నానికి చేరింది. ఫోన్లో నేను, "రోడ్డు బానే ఉందా అమ్మా?" అని అడిగాను, వర్షాలకి గుంటలు పడ్డాయేమోనని. "రోడ్డుకేందిరా, అద్దంలా ఉంది. బస్సే లేదు" అంది.

2020 నవంబరు 2న ఒప్పందం కుదిరింది. అవతలి రాష్ట్రంలో ఆంధ్ర బస్సులు 638, తిరిగేది 1,60,999 కిలోమీటర్లు. తెలంగాణ బస్సులు 826, తిరిగేది 1,61,258 కిలోమీటర్లు. త్రాసులో తూచినట్టు సమానం చేసుకోవడానికి ఆంధ్ర సంస్థ అంతకుముందు తిప్పే దాంట్లో లక్ష కిలోమీటర్ల దాకా తగ్గించుకుంది. ఆ తూకంలో రెండు సంస్థలూ ఉన్నాయి గానీ, సరిహద్దులో దిగి నడిచిన మా అమ్మ లేదు.

విజయవాడ ఖాళీ లేనూ, మా ఊరి సరిహద్దూ నాకు ఒకటే చెబుతున్నాయి. రోడ్డు ఒకసారి కడితే కనిపిస్తుంది, శిలాఫలకం పెట్టుకోవచ్చు. బస్సు మాత్రం రోజూ నడపాలి, రోజూ ఎవరో ఒకరు దానికి డబ్బు కట్టాలి, రోజూ ఇద్దరు ముగ్గురు ఒప్పుకోవాలి. మనం ఖర్చు కింద మొదటిది రాసుకుని, లాభం రెండోదాన్నుంచి వస్తుందనుకున్నాం.

అందుకని నా మాట కాస్త మార్చుకుంటున్నాను. మెట్రో కన్నా బీఆర్టీఎస్ చవక అని ఇక అనను, రెండు నిమిషాలకో బస్సు నడిపే దమ్ముంటేనే చవక అంటాను. కేపీహెచ్‌బీ నుండి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు స్తంభాల మీద బీఆర్టీఎస్ అని 2019 ప్రాంతంలో ప్రతిపాదన నడిచింది, కట్టలేదు. మళ్ళీ ఎవరైనా ఆ ఫైలు దుమ్ము దులిపితే, ముందు కింద రోడ్డు మీదే ఆ దారిలో గంటకి ముప్ఫై బస్సులు నడిపి చూడమనండి. అవి నిండితే అప్పుడు ఒక గీత గీసి, ఇద్దరు కానిస్టేబుళ్ళని పెట్టి లేను ఇవ్వండి. ఏడాది నిలబడితే అప్పుడు కాంక్రీటు. బస్సులు ఎలాగూ కావాలి. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రలో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక ఎక్కేవాళ్ళకి కొదవ లేదు. మా అమ్మ ఇప్పుడు పిన్ని దగ్గరికి పోతే సరిహద్దు దాకా జీరో టికెట్టు, అక్కణ్ణుంచి డబ్బులు.

మొన్న ఊరెళ్ళినప్పుడు ఈ లెక్కంతా అమ్మకి చెప్పాను. విజయవాడలో నూట యాభై కోట్లు పెట్టి బస్సుల కోసమే ఇంత దారి వేశారమ్మా అని. ఓపిగ్గా విని, "అయితే మరి ఆ దార్లో బస్సు ఎన్నింటికిరా?" అనడిగింది.

ఆ ప్రాజెక్టు రిపోర్టు రాసినవాళ్ళు మొదటి పేజీలోనే రాయాల్సిన ప్రశ్న అది.