చౌక గేమింగ్ మౌస్: ఎంపిక, మన్నిక

కంప్యూటర్ ఆటల కోసం తయారై, భారత మార్కెట్లో సుమారు 500 నుంచి 2,000 రూపాయలకు దొరికే మౌస్‌లను చౌక గేమింగ్ మౌస్‌లు అనవచ్చు. ఎంత వేగంగా లాగినా దారి తప్పని సెన్సార్, బొటనవేలి పక్కన రెండు అదనపు బటన్లు, కంప్యూటర్‌కు సెకనుకు ఎక్కువసార్లు సమాచారం పంపగల వీలు వీటి లక్షణాలు. రంగురంగుల దీపాలూ ఉంటాయి గానీ వాటికి ఆటతో పనిలేదు. లాజిటెక్ జీ102, రేజర్ డెత్‌యాడర్ ఎసెన్షియల్‌తో పాటు రెడ్‌గేర్, కాస్మిక్ బైట్, యాంట్ ఈస్పోర్ట్స్ వంటి దేశీయ బ్రాండ్ల మౌస్‌లు ఈ కోవలోవే. ఈ ధరలో గురి కుదరడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. మౌస్ ఎన్నాళ్లు మన్నుతుందో తేల్చేది ఎడమ బటన్ కింద కూర్చున్న చిన్న స్విచ్.

సెన్సార్ చౌకైన తీరు

ఆటగాళ్ల కోసమే అంటూ రేజర్ తెచ్చిన బూమ్‌స్లాంగ్ 1999 నాటిది. అది అడుగున బంతి దొర్లే రకం. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ బంతిని తీసేసి ఆ స్థానంలో చిన్న కెమెరాను పెట్టింది. కింది ఉపరితలాన్ని సెకనుకు వేల సార్లు ఫొటో తీసి, ఒక ఫొటోను తర్వాతి దానితో పోల్చి, మౌస్ ఎటు ఎంత జరిగిందో లెక్కగట్టే ఈ పద్ధతే నేటికీ నడుస్తోంది. 2014లో లాజిటెక్ జీ502లో వచ్చిన పీఎండబ్ల్యూ3366, ఆ వెనుక ఇతర కంపెనీలకూ అందిన పీఎండబ్ల్యూ3360 ఈ రంగానికి కొత్త కొలబద్ద అయ్యాయి. రెండూ తైవాన్ కంపెనీ పిక్స్‌ఆర్ట్ పేరున్న చిప్‌లే. ఆ తర్వాత ఏళ్లలో మంచి సెన్సార్లు తక్కువ ధర మౌస్‌లలోకి దిగివచ్చాయి.

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే డీపీఐ అంకె, అంటే మౌస్‌ను అంగుళం జరిపితే బాణం గుర్తు ఎన్ని పిక్సెళ్లు జరుగుతుందన్న లెక్క, కొనేవారికి దాదాపు పనికిరానిది. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద 800 డీపీఐ దగ్గర బాణం గుర్తు ఒక చివర నుంచి మరో చివరికి చేరడానికి మౌస్‌ను 6 సెంటీమీటర్లు జరపాలి. 16,000 దగ్గర 3 మిల్లీమీటర్లు చాలు. అంత చలాకీ మౌస్‌తో గురిపెట్టి కాల్చడం ఎవరివల్లా కాదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడేవారిలో చాలామంది 400 నుంచి 1,600 మధ్యే ఉంటారు. పైగా కొన్ని చౌక మౌస్‌లలో పెద్ద అంకె సెన్సార్ నిజంగా చూసింది కాదు, లెక్కతో సాగదీసింది.

అడగవలసిన సంఖ్య వేరే ఉంది. సెకనుకు ఎన్ని అంగుళాల వేగం వరకు సెన్సార్ దారి తప్పదన్నది అది. పీఎండబ్ల్యూ3360కి ఇది 250 అంగుళాలు, అంటే ఆరు మీటర్ల పైమాటే. అరవై దగ్గరే ఆగిపోయే పాత సెన్సార్లు ఇప్పటికీ ‘గేమింగ్’ ముద్రతో అమ్ముడవుతున్నాయి. డీపీఐ తక్కువ పెట్టుకుని చేతిని ఒక్క ఊపున లాగే ఆటగాడికి ఇవి సరిగ్గా అవసరమైన క్షణంలో ఆకాశాన్నో నేలనో చూపిస్తాయి. పోలింగ్ రేటు 1,000 హెర్ట్జ్ ఉంటే చాలు. మామూలు మౌస్ 8 మిల్లీసెకన్లకు ఒకసారి పంపే సమాచారాన్ని ఇది మిల్లీసెకనుకు ఒకసారి పంపుతుంది.

క్లిక్ స్విచ్

మౌస్ బటన్ నొక్కితే వినిపించే టిక్కు శబ్దం ప్లాస్టిక్ బటన్‌ది కాదు. దాని కింద మైక్రోస్విచ్ అనే చిన్న డబ్బీ ఉంటుంది. అందులో వంపు తిరిగిన పల్చటి రాగి మిశ్రమపు రేకు, దాని చివర లోహపు బొడిపె ఉంటాయి. తిరునాళ్లలో అమ్మే టిక్కుటిక్కు రేకు కప్ప లాగే, కొంత దూరం నొక్కేదాకా రేకు కదలదు, ఆ హద్దు దాటగానే ఒక్కసారిగా అవతలి వైపుకు ఎగురుతుంది. బొడిపె వెళ్లి రెండో లోహానికి తగిలితే క్లిక్ నమోదవుతుంది. జపాన్ కంపెనీ ఓమ్రాన్, చైనాకు చెందిన కైల్, హువానో, టీటీసీ వీటి తయారీలో పేరున్నవి.

రేకు తగిలిన వెంటనే స్థిరపడదు, కొన్ని మిల్లీసెకన్లపాటు అదురుతుంది. ఆ అదురును పట్టించుకోవద్దని మౌస్‌లోని చిప్‌కు ముందే చెప్పి ఉంచుతారు. దీన్ని డీబౌన్స్ అంటారు. ఏళ్ల తరబడి వంగి వంగి రేకు బిగువు సడలితే, లేదా తగిలే చోట లోహం మీద పొర పేరుకుంటే, అదురు ఆ గడువు దాటుతుంది. అప్పుడు ఒకసారి నొక్కితే కంప్యూటర్ రెండుసార్లు నొక్కినట్టు లెక్కవేస్తుంది. నొక్కి పట్టుకున్న బటన్ మధ్యలో వదిలేసినట్టూ అవుతుంది. ఫైలును లాగుతుంటే దారిలో జారిపోవడం, ఆటలో గురిపెట్టిన తుపాకీ స్కోపు తనంతట తాను మూసుకోవడం దీని లక్షణాలు. చౌక మౌస్‌లు మూలపడటానికి తరచుగా కనిపించే కారణం ఈ డబుల్ క్లిక్కే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఎక్కువ కరెంటు ప్రవహించే స్విచ్‌లో తగిలినప్పుడల్లా వచ్చే చిన్న నిప్పురవ్వ పైపొరను కాల్చేస్తుంది. మౌస్‌లో నడిచేది చాలా తక్కువ వోల్టేజి, అతి స్వల్ప కరెంటు. పొరను కాల్చే శక్తి వాటికి లేదు. అందుకే స్వల్ప కరెంటు కోసం బంగారు మిశ్రమపు కాంటాక్టులతో స్విచ్‌లు చేస్తారు గానీ, వెయ్యి రూపాయల మౌస్‌లో అవి అరుదు.

స్విచ్‌ల ఆయుష్షును క్లిక్కుల్లో చెబుతారు. ఓమ్రాన్ డీ2ఎఫ్‌సీ వరుసలోనే కోటి, 2 కోట్లు, 5 కోట్ల క్లిక్కుల రకాలున్నాయి. రోజుకు 5,000 క్లిక్కులు చేసే మనిషికి కోటి క్లిక్కులు 2,000 రోజులు, అంటే ఐదున్నరేళ్లు రావాలి. అయినా రెండేళ్లకే డబుల్ క్లిక్ మొదలయ్యే మౌస్‌లు ఎన్నో. యంత్రం ఒకే తీరున, శుభ్రమైన చోట నొక్కి తీసిన లెక్కకూ, దుమ్ము, చెమట, ఉక్కపోత మధ్య కోపంగా నొక్కే వేలికీ తేడా ఉంటుంది. కోటికీ 2 కోట్లకీ తేడా చూసి డబ్బు ఎక్కువ పెట్టడం అనవసరం.

లోహం లోహానికి తగలడమే లేని ఆప్టికల్ స్విచ్ వీటికి భిన్నం. అందులో కంటికి కనిపించని పరారుణ కాంతికి అడ్డు పెట్టడమో తీయడమో జరుగుతుంది. పొర పేరుకునే చోటే లేదు కాబట్టి ఈ రకపు డబుల్ క్లిక్ రాదు. 2020లో వచ్చిన రేజర్ వైపర్ మినీ ఈ స్విచ్‌ను చిన్న ధరకు తెచ్చింది. మన్నికే ముఖ్యమనుకునేవారు దీపాలను వదిలేసి ఈ ఒక్కదానికి కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు.

మిగతా భాగాలు

స్క్రోల్ చక్రం లోపలి ఎన్‌కోడర్ అరిగితే కిందికి తిప్పినా పేజీ పైకి గెంతుతుంది. వైరు మౌస్‌లోకి దూరే మెడ దగ్గర తెగుతుంది, ల్యాప్‌టాప్‌తో పాటు మౌస్‌నూ మోసుకుపోతూ వైరు దాని చుట్టూ బిగించి చుట్టేవారికి మరీ త్వరగా. చేతికి మెత్తగా తగలాలని పూసే రబ్బరు పూత విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో కొన్నేళ్లకు జిగురుగా మారుతుంది. గరుకు ప్లాస్టిక్ ఒళ్లున్న మౌస్‌కు ఆ బాధ లేదు. వైర్‌లెస్ రకాల్లో లోపల అమర్చిన లిథియం బ్యాటరీ కూడా ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తుంది. లాజిటెక్ జీ304 మామూలు ఏఏ సెల్ వాడుతుంది కాబట్టి, సెల్ మార్చుకుంటే సరిపోతుంది.

వారంటీ, రిపేరు

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా బిల్లు దాచుకోవడం మేలు. డబుల్ క్లిక్ వారంటీ గడువులో మొదలైతే మార్చి ఇవ్వమని అడగవచ్చు. ఈలోపు విప్పితే ఆ హక్కు పోవచ్చు. మౌస్ సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ గడువు మార్చే వీలుంటే దాన్ని కొద్దిగా పెంచి కొన్ని నెలలు నెట్టుకురావచ్చు.

గడువు దాటాక స్విచ్ మార్చడం పెద్ద పని కాదు. మరలు చాలావాటిలో అడుగున అంటించిన పాదాల కింద దాగి ఉంటాయి. స్విచ్‌కు మూడే కాళ్లు, సోల్డరింగ్ తెలిసిన మొబైల్ రిపేరు షాపులో పది నిమిషాల పని. అదే సైజు స్విచ్ కొన్ని పదుల రూపాయలకే వస్తుంది. ఆసుస్ గ్లేడియస్ వంటి ఖరీదైన మౌస్‌లలో సోల్డరింగ్ లేకుండానే స్విచ్ ఊడదీసి మార్చే ఏర్పాటు 2010ల నుంచీ ఉంది. అవసరం ఎక్కువగా ఉన్న చౌక రకాలకు మాత్రం అది ఇంకా పెద్దగా రాలేదు.