కళాపోషకుడు కడపటి నిజాము

పుప్పాలగూడ నేడు గాజుమేడల నడుమ నున్నది. అయినను ఆ ఊరికి ఒక వంక గోలకొండ దుర్గమును, మరియొక వంక గండిపేట చెరువును కలవు. మొదటిది కుతుబ్‌షాహీల రాజధాని. రెండవది 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరము. దానికి పేరిచ్చిన ప్రభువు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను. ఈ రెండింటిని దృష్టియందుంచుకొని ఆ ప్రభువు కళాభిమానమును తూచి చూతము.

ఆయన 1886లో జన్మించి, 1911లో సింహాసన మెక్కి, 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున విలీనమగువరకు రాజ్యమేలెను. లోకము ఆయన ధనమును గూర్చియు, పొదుపును గూర్చియు చెప్పుకొన్నంతగా కళాభిరుచిని గూర్చి చెప్పుకొనలేదు. ఆయన ఉర్దూ, పారసీక భాషలలో గజళ్లు చెప్పెను. జలీల్ మాణిక్‌పురి ఆయనకు కావ్యగురువు. మూసీ తీరమున నున్న హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఆయన కాలమున లేచిన మేడలే.

అన్నిటిలో మిన్నయైనది అజంతా రక్షణము. ఆ గుహలు నాడు నిజాము రాజ్యములోని ఔరంగాబాదు ప్రాంతమునకు చెందినవి. 1819లో ఆంగ్ల సైనికుల కంటబడిన పిదప వాటికి కీర్తితో పాటు కీడును కలిగెను. నకళ్లు వ్రాయవచ్చినవారు రంగులు తేటపడుటకై వార్నిషు పూసిరి. కాలక్రమమున అది నల్లబడి చిత్రములను కప్పివేసెను. గోడను వీడిన మట్టిపూత బొమ్మలతో సహా రాలుచుండెను. రాబర్ట్ గిల్ ఏండ్ల తరబడి శ్రమించి వ్రాసిన నకళ్లలో పెక్కు 1866లో లండనునందు అగ్నికి ఆహుతియయ్యెను. నకలు పోయిన మరల వ్రాసికొనవచ్చును. మూలము పోయిన ఏమి చేయగలము?

1914లో నిజాము ప్రభుత్వము పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీని దానికి అధిపతిగా నియమించెను. 1920–22 నడుమ ఇటలీనుండి చెక్కోని, ఓర్సినీ అను నిపుణులు వచ్చి, ఊడిన పూతను గోడకు మరల అంటించి, మసిని తుడిచిరి. వారు వాడిన లక్కపూత తరువాత రంగుమారి, దానిని తొలగించు పని పిమ్మటి రసాయనజ్ఞులకు మిగిలినది. అయినను రాలిపోవలసిన బొమ్మలు నిలిచినవి. యజ్దానీ అజంతా గ్రంథము నాలుగు భాగములుగా 1930 మొదలు 1955 వరకు వెలువడెను. ముస్లిము ప్రభువు బొక్కసము బౌద్ధ భిక్షువుల చిత్రములకై తెరువబడుట చరిత్రలో చిన్న విషయము కాదు.

ఇక త్రాసు రెండవ తట్టను చూడవలెను. 1918 నాటి ఫర్మానాతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఆంగ్లమున గాక ఉర్దూలో జరిగెను. దేశభాషకు అంతటి గౌరవము ఆనాటికి సాహసమే. కాని రాజ్యములోని ప్రజలలో దాదాపు సగము మంది తెలుగువారు. వారి పలుకు అచ్చట ఒక పాఠ్యవిషయమైనదే కాని బోధనభాష కాలేదు. రాజాదరణ లేని భాషకు సభలలోను మన్నన కరవయ్యెను. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగున ప్రసంగింపబోగా కొందరు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టెను.

ఇదే నేలపై, గోలకొండలో, 1550 మొదలు 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. ఆ వినికిడి కడపటి నిజాము కొలువున లేకపోయెను. ఆ లోటును ప్రజలే పూరించుకొనిరి. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించెను. తెలంగాణమున కవులు లేరను మాటకు బదులుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించెను.

కన్నులకు కనబడు కళను ఆ ప్రభువు కాపాడెను. చెవికి వినబడు ప్రజల పలుకును ప్రజలు కాపాడుకొనిరి. ఒకదానిని చెప్పి మరొకదానిని విడుచుట చరిత్ర కాదని మా మనవి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమున అజంతా నకళ్లు కలవు. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లి చూడుడు. ఇల్లు చేరిన పిదప గోలకొండ కవుల పద్యము నొకదానిని వారిచేత పైకి చదివింపుడు.