తల్లి పోసిన రోజులు

మార్గశిరంలో మల్దకల్ తిమ్మప్ప తేరు కదిలే వేళకు నడిగడ్డ పల్లెలన్నీ అక్కడికే వచ్చి చేరుతాయి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేల కాబట్టి దీనికి నడిగడ్డ అని పేరు. గద్వాల నుంచి, అయిజ నుంచి, గట్టు నుంచి వచ్చి గుడి చుట్టూ నీడపట్టున కూర్చున్న ముసలివాళ్ల చేతులను కాస్త దగ్గరగా చూడాలి. కొంగు జారినప్పుడో, అంగీ చేతులు పైకి మడిచినప్పుడో ఒక మచ్చ బయటపడుతుంది. రూపాయి బిళ్లంత ఉంటుంది. నడుమ కొద్దిగా గుంటపడి, తోలు పలచబడి, అంచు నుంచి లోపలికి సన్నని ముడతలు పోయి ఉంటుంది. కొందరికి పక్కపక్కనే రెండు ఉంటాయి. అదేమిటని అడిగితే "చిన్నప్పుడు టీకాలేసిన్రు" అంటారు. ఆ ఒక్క మాట వెనక నడిగడ్డ ఇళ్లలో తరతరాలుగా నడిచిన పెద్ద ఆచారం ఉంది.

ఒంటి మీద పొక్కులు లేస్తే రోగం వచ్చిందని అనేవాళ్లు కాదు. "తల్లి పోసింది" అనేవాళ్లు. మశూచి అయితే పెద్దమ్మవారు. నీటిపొక్కుల చికెన్‌పాక్స్ అయితే చిన్నమ్మవారు, ఆటలమ్మ. మీజిల్స్ అయితే తట్టు. ఈ మూడింటికీ కారణం మూడు వేర్వేరు వైరస్‌లని అప్పుడు ఎవరికీ తెలియదు. అయినా మూడింటినీ కంటిచూపుతో విడదీసి, దేని పేరు దానికి పెట్టి, దేనికి ఎన్ని రోజులో లెక్క కట్టుకున్నారు. గద్వాల పక్కన జమ్మిచేడులో జమ్ములమ్మ, ఊరూరా పోచమ్మ, ఎల్లమ్మ, మారెమ్మ, సుంకులమ్మ. ఊరి పొలిమేరను కాచే ఆ తల్లే పిల్లవాని ఒంట్లోకీ వచ్చిందని నమ్మకం. కాచేదీ ఆమే, కోపగించేదీ ఆమే.

తల్లి పోసిన ఇంటి గడపకు వేపకొమ్మ కట్టేవాళ్లు. అది చూసి బయటివాళ్లు లోపలికి అడుగుపెట్టేవాళ్లు కాదు. పొయ్యి మీద పోపు పెట్టకూడదు, నూనె కాగకూడదు. ఇంట్లో ఎవరూ గడ్డం గీయించుకోకూడదు, కొత్త బట్ట కట్టకూడదు, దూరప్రయాణం పోకూడదు. పిల్లవాన్ని మెత్తని పాతబట్ట పరిచి, దాని మీద వేపాకు పరిచి పడుకోబెట్టేవాళ్లు. దురద పుడితే గోటితో గీరుకోనివ్వకుండా వేపమండతో మెల్లగా నిమిరేవాళ్లు. పలచని జొన్న గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు పట్టించేవాళ్లు. పొక్కులు వాడి చెక్కు కట్టాక బేసి రోజు చూసుకుని, వేపాకు పసుపు వేసి ఎండలో కాచిన నీళ్లతో స్నానం. దాన్ని "నీళ్లు పోయడం" అనేవాళ్లు. ఆ రోజు పోచమ్మకు సాక పోసి, బోనం ఎత్తి, తల్లిని సాగనంపేవాళ్లు. కొన్నిచోట్ల బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ తల్లి కథ చెప్పేవాళ్లు.

ఈ పద్ధతులను మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం. గడపకు కట్టిన వేపకొమ్మ రాకపోకలను ఆపింది. పొక్కులను గీరనివ్వకపోవడం వల్ల పుండ్లు చీము పట్టే ప్రమాదం తగ్గింది. తేలిగ్గా అరిగే గంజి, చాలినన్ని నీళ్లు జ్వరంలో ఉన్న ఒంటిని నిలబెట్టాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఒంటి లోపల ఏదో పని జరుగుతున్నదని, దానికి కొన్ని రోజుల గడువు ఉంటుందని, ఆ గడువులో ఒంటికి ఆసరాగా ఉండడమే చేతనైన పని అని వాళ్లు కనిపెట్టారు. అయితే మందు ఇస్తే తల్లి అలుగుతుందన్న భయం అదే ఆచారంలో భాగం. తీవ్రమైన మశూచిలో పదిమందికి ముగ్గురి దాకా చనిపోయేవాళ్లు. బతికిన కొందరికి కళ్లు పోయేవి. ముఖం నిండా గుంటలు పడేవి. ఇంత నష్టాన్ని భరించిన మనుషులు దానికి తల్లి అని పేరు పెట్టుకున్నారంటే, భయంతో పాటు ఒక ఓర్పు కూడా అందులో ఉంది.

ఒంటి లోపల జరుగుతున్న ఆ పని ఏమిటో తెలియడానికి ప్రపంచానికి చాలా కాలమే పట్టింది.

1882లో ఇటలీలోని మెస్సీనా పట్టణంలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ జీవశాస్త్రవేత్త సముద్రపు నక్షత్రచేప పిల్లలను సూక్ష్మదర్శిని కింద చూస్తున్నాడు. అవి అద్దంలా పారదర్శకంగా ఉంటాయి, లోపల ఏం కదిలినా కనిపిస్తుంది. పెరట్లో గులాబీ చెట్టు నుంచి ముళ్లు తెంచి వాటి ఒంట్లో గుచ్చాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ తిరుగాడే కణాలు గుమిగూడి ఉన్నాయి. ఎవరూ నేర్పకుండానే, ముల్లు అనేదాన్ని అంతకుముందు ఎరగకుండానే, పరాయిదని గుర్తుపట్టి దాన్ని చుట్టుముట్టాయి. పుట్టుకతో వచ్చే రోగనిరోధక శక్తికి కళ్లముందు దొరికిన మొదటి సాక్ష్యాల్లో అదొకటి. 1908లో ఆయనకు పాల్ ఎర్లిఖ్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ముల్లు కంటికి కనబడుతుంది, వైరస్ కనబడదు. పైగా అది కణం లోపల దూరి దాగుతుంది. మరి దాన్ని ఒళ్లు ఎట్లా పసిగడుతుంది? ఈ ప్రశ్నకు 1957లో లండన్ దగ్గర మిల్ హిల్‌లోని ప్రయోగశాలలో ఒక కొస దొరికింది. అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మాన్ కలిసి కోడిగుడ్డు లోపలి పొరల ముక్కలను వేడికి చచ్చిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌తో కలిపి ఉంచారు. ఆ ముక్కలు ద్రవంలోకి ఏదో పదార్థాన్ని వదిలాయి. ఆ ద్రవం తగిలిన కొత్త పొరల్లో బతికున్న వైరస్ కూడా సరిగా పెరగలేకపోయింది. ఆ పదార్థానికి వాళ్లు ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు.

ఇంటర్‌ఫెరాన్ చేసే పని ఊళ్లో డప్పు చాటింపు లాంటిది. వైరస్ దూరిన కణం తాను బతికే ఆశ పోయినా చుట్టూ ఉన్న కణాలకు కబురు పంపుతుంది. ఆ కబురు అందిన కణాల్లో వందల కొద్దీ జన్యువులు మేల్కొని, వైరస్ తన నకళ్లు తయారు చేసుకోవడానికి కావలసిన దారులన్నీ మూసేస్తాయి. సహజ హంతక కణాలు అనే తెల్లకణాలు వచ్చి, వైరస్ పట్టిన కణాలను చంపేస్తాయి. ఇతర సంకేతాలు మెదడుకు చేరి ఒంటి వేడిని పెంచుతాయి. అమ్మవారి మొదటి గుర్తు అయిన జ్వరం ఇట్లా పుడుతుంది. అంటే, పొక్కులు లేవకముందే పిల్లవాని ఒళ్లు కాలిపోతున్నదంటే లోపలి కావలి లేచిందని అర్థం. ఫలానా వైరస్‌కే సరిపోయే యాంటీబాడీలు తయారు కావడానికి వారం, పది రోజులు కావాలి. అప్పటిదాకా ఈ కావలే దిక్కు.

కావలికి కళ్లు ఎక్కడున్నాయన్నది తర్వాతి దశాబ్దాల్లో తేలింది. 1996లో జూల్ హాఫ్‌మాన్ బృందం ఈగలలో టోల్ అనే జన్యువు శిలీంధ్రాల దాడిని పసిగడుతుందని చూపింది. రెండేళ్లకు బ్రూస్ బ్యూట్లర్ ఎలుకల్లో అటువంటి గ్రాహకాన్నే పట్టుకున్నాడు. 2011 నోబెల్‌లో వీరిద్దరికీ వాటా దక్కింది. మన ఒంట్లోనూ టోల్ జాతి గ్రాహకాలు ఉన్నాయి. వాటిలో ఏడవది, ఎనిమిదవది ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏని, అంటే అనేక వైరస్‌ల జన్యుపదార్థాన్ని, గుర్తిస్తాయి. 2013లో జిజియాన్ చెన్ బృందం సీ-గ్యాస్ అనే మరో కాపలాదారును కనుక్కుంది. దాని తర్కం ఇంటి తర్కమే. దేవునింట్లో వెలగాల్సిన దీపం పశువుల కొట్టంలో కనబడితే ఇంటివాళ్లకు అనుమానం రాదా? డీఎన్‌ఏ ఉండాల్సిన చోటు కణ కేంద్రకం. అది బయట కణద్రవంలో కనబడితే సీ-గ్యాస్ గంట కొడుతుంది. మశూచి వైరస్ సరిగ్గా ఆ కణద్రవంలోనే పెరుగుతుంది.

ఈ కథలో ఒక తెలుగు పేరు గట్టిగా వినిపిస్తుంది. కాకతీయ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఉస్మానియాలో పీజీ, పీహెచ్‌డీ చేసిన కన్నెగంటి తిరుమలాదేవి 2007 నుంచి అమెరికాలో మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో ఈ కావలి మీదనే పని చేస్తున్నారు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను కణంలో పసిగట్టేది జడ్‌బీపీ1 అనే ప్రోటీన్ అని 2016లో ఆమె బృందం చూపింది. పసిగట్టాక అది చేసే పని భయంకరమైనది, కానీ అవసరమైనది. వైరస్ పట్టిన కణాన్ని తనంత తానే చచ్చిపొమ్మని ఆజ్ఞ ఇస్తుంది. కణం చచ్చే మూడు రకాల దారులూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయని గ్రహించి, ఆ మొత్తానికి ప్యానాప్టోసిస్ అని పేరు పెట్టింది ఆమె ప్రయోగశాలే. కావలి కట్టు తప్పితే ఏమవుతుందో కూడా ఆ ప్రయోగశాలే చూపింది. కోవిడ్ మొదటి ఏడాది తిరిగేసరికి, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా అనే రెండు సంకేతాలు కలిస్తే సొంత కణాలే మూకుమ్మడిగా చచ్చి ఊపిరితిత్తులు దెబ్బతింటాయని 2021 జనవరిలో ప్రచురించారు. కాచేదీ ఆమే, కోపగించేదీ ఆమే అన్న పాత నమ్మకం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

కావలి ఇంత గట్టిదైతే మశూచి అంతమందిని ఎట్లా చంపింది? ఆ వైరస్‌కు మనుషుల ఒంటి గుట్టు తెలుసు. దాని జన్యువుల్లో కొన్ని కేవలం కావలిని మోసగించడానికే ఉన్నాయి. ఒకటి తయారు చేసే ప్రోటీన్ కణం బయటికి వచ్చి, వెలువడిన ఇంటర్‌ఫెరాన్‌ను పక్క కణానికి చేరకముందే పట్టేస్తుంది. డప్పు మోగుతుంది, కానీ శబ్దం దారిలోనే అణగిపోతుంది. మరొకటి రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లను ఆపుతుంది. అందుకే వైరస్ లోపలికి వచ్చాక దాదాపు పన్నెండు రోజుల పాటు ఇంట్లో ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పిల్లవాడు ఆడుకుంటూనే ఉండేవాడు. జ్వరం పైకి వచ్చేసరికి వైరస్ ఒళ్లంతా పాకి ఉండేది. వేపకొమ్మ కట్టేవేళకు ఇంట్లో మిగతావాళ్లకు ముప్పు మొదలయ్యేది. ఆచారం చేయగలిగిందంతా చేసింది. వైరస్ దానికన్నా ముందుండేది.

అందుకే ముందే ఎదుర్కొనే దారి కావలసి వచ్చింది. ఆ దారికి పేరు కూడా పాతదే. బెంగాల్‌లో మశూచి పుండు నుంచి తీసిన పదార్థాన్ని ఆరోగ్యవంతుల చేతిలో గీరి ఎక్కించే వృత్తివాళ్లను టీకాదార్లు అనేవాళ్లు. జాన్ హాల్‌వెల్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు 1767లో ఆ పద్ధతిని వివరంగా రాశాడు. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల పొక్కుల పదార్థంతో అదే పని ప్రమాదం తగ్గించి చేశాడు. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పాపకు వేసిన టీకా ఈ దేశంలో విజయవంతమైన మొదటి టీకా. టీకా అనే మాట మాత్రం ఆ పాత వృత్తి నుంచే వచ్చి తెలుగులో స్థిరపడింది.

నడిగడ్డలో గద్వాల సంస్థానం నిజాం ఏలుబడి కింద ఉండేది. తుంగభద్ర దాటితే 1839 తర్వాత కర్నూలు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది. నది రాజ్యాలను విడదీసింది గానీ అమ్మవారిని విడదీయలేదు. సంత రోజున అటు ఇటు తిరిగే మనుషులతో పాటు వైరసూ తిరిగేది. టీకాలవాళ్లు వస్తున్నారంటే పిల్లలను జొన్నచేలల్లోకి పరుగెత్తించిన ముచ్చట పాత తరం ఇప్పటికీ చెబుతుంది. తల్లి పని మనిషి చేయకూడదన్న భయం ఒకటి, గుండ్రని కోరలున్న టీకా పరికరం తిప్పితే పుట్టే నొప్పి ఒకటి. 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలైంది. తర్వాత రెండు మొనల సూది వచ్చింది. మందులో ముంచి తోలు మీద చకచకా పదిహేను పోట్లు పొడిస్తే పని అయిపోయేది. ఆ పోట్ల చోట బొబ్బ లేచి, చీము పట్టి, చెక్కు రాలి మిగిలిన గుర్తే జాతరలో కనిపించే మచ్చ. ఆ బొబ్బ ఉత్త పుండు కాదు. టీకాలోని వాక్సీనియా వైరస్‌ను మొదట ఎదుర్కొని, దాని ఆనవాళ్లను యాంటీబాడీలు తయారు చేసే రెండో వరుస సైన్యానికి అప్పగించినది ఆ తోలు కిందనున్న కావలే.

1974లో దేశంలో 1,88,000కు పైగా కేసులు వచ్చాయి. ఎక్కువ భాగం బీహార్, ఉత్తరప్రదేశ్ వైపు. పొక్కులున్న పిల్లవాని బొమ్మ కార్డు పట్టుకుని ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. కేసు చూపినవాళ్లకు ఇచ్చే బహుమానం 1975లో 1,000 రూపాయల దాకా పెరిగింది. ఆ ఏడాది మే నెలతో దేశంలో మశూచి ఆగిపోయింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య మహాసభ భూమి మీద మశూచి లేదని ప్రకటించింది. పెద్దమ్మవారు పోయింది. చిన్నమ్మవారు ఉంది. నడిగడ్డలో ఇప్పటికీ చికెన్‌పాక్స్ వచ్చిన ఇంటి గడపకు వేపకొమ్మ కనిపిస్తుంది, డాక్టరు రాసిన మాత్రలూ లోపల ఉంటాయి.

కావలిని కావాలనే లేపడం ఇప్పుడు టీకా తయారీలో ఒక పని. 2021లో హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీ నుంచి వచ్చిన కోవాగ్జిన్‌లో చచ్చిన కరోనా వైరస్‌తో పాటు టోల్ ఏడు, ఎనిమిది గ్రాహకాలను తట్టిలేపే ఒక చిన్న అణువును కూడా కలిపారు. 2021 జనవరి 16న దేశమంతా టీకాలు మొదలైనప్పుడు జనం చేతుల్లోకి ఎక్కిన రెండు టీకాల్లో అదొకటి.

మళ్లీ జాతరకు వస్తే, నలభై దాటని వాళ్ల చేతుల మీద మశూచి మచ్చ ఉండదు. ఎడమ భుజం మీద చిన్న మచ్చ ఒకటి ఉంటుంది. చాలామంది దాన్నే మశూచి టీకా అనుకుంటారు. అది క్షయకు వేసే బీసీజీ గుర్తు. ఈ దేశంలో బీసీజీ 1948లో మదనపల్లెలో మొదలైంది. పుట్టుకతో వచ్చిన కావలికి జ్ఞాపకం ఉండదని చాలాకాలం అనుకున్నారు. 2012 నుంచి నెదర్లాండ్స్‌లో మిహై నెటియా బృందం, బీసీజీ వేసుకున్నవాళ్ల తెల్లకణాలు నెలల తర్వాత కూడా వేరే సూక్ష్మజీవుల మీద మరింత చురుగ్గా స్పందిస్తాయని చూపుతూ వచ్చింది. తేరు మోకు పట్టి లాగేటప్పుడు అంగీలు పైకి తొలగిన భుజాల మీద, చెమటకు మెరుస్తూ, ఆ మచ్చలు వరుసగా కనిపిస్తాయి.