ఛాయాచిత్రకారుల పని అంచనా, ఒప్పందం

వృత్తి ఛాయాచిత్రకారుడు ఒక పనిని అంగీకరించే ముందు దానికి పట్టే శ్రమను, అయ్యే ఖర్చును, చిత్రాలను వాడుకునే పరిధిని లెక్కగట్టి క్లయింటుకు తెలియజేసే పత్రాన్ని అంచనా లేదా ఎస్టిమేట్ అంటారు. దీని ఆధారంగా ఇరుపక్షాలు ధరను, షరతులను మాట్లాడుకొని ఒప్పందానికి వస్తాయి. ప్రకటనలు, పత్రికలు, పెళ్ళిళ్ళు, పరిశ్రమలు మొదలైన అన్ని రంగాల ఫోటోగ్రఫీలోను ఈ దశ ఉంటుంది. భారతదేశంలో వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించిన ఫోటోలకు తీయించినవారే తొలి హక్కుదారులు అవుతారు. అందువలన పనికి ముందు జరిగే ఈ సంప్రదింపులు ధరతో పాటు చిత్రాల యాజమాన్యాన్ని కూడా నిర్ణయిస్తాయి.

చరిత్ర

అమెరికాలో పత్రికా ఛాయాచిత్రకారులు తమ పారితోషికం, హక్కుల కొరకు 1944లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఇది నేడు అమెరికన్ సొసైటీ ఆఫ్ మీడియా ఫోటోగ్రాఫర్స్ అనే పేరుతో ఉంది. 1947లో రాబర్ట్ కాపా, హెన్రీ కార్టియే-బ్రెసాఁ, జార్జ్ రోడ్జర్, డేవిడ్ సేమూర్ తదితరులు స్థాపించిన మాగ్నమ్ ఫోటోస్ సంస్థకు, ఫోటోపై హక్కు తీసినవారి వద్దనే ఉండాలన్నది మూలసూత్రం.

పని పరిధి అదుపు తప్పడానికి ప్రసిద్ధ ఉదాహరణ డబ్ల్యు. యూజీన్ స్మిత్. 1955లో పిట్స్‌బర్గ్ నగరంపై ఒక పుస్తకానికి సుమారు 100 ఫోటోలు తీసే పని ఆయనకు అప్పగించారు. కొద్ది వారాలలో ముగియవలసిన ఆ పని సంవత్సరాల తరబడి సాగింది. ఆయన పది వేలకు పైగా నెగటివులు తీసి, ఆర్థికంగా తీవ్ర ఇబ్బందులకు లోనయ్యాడు.

అంచనాలోని భాగాలు

అంచనాలో సాధారణంగా మూడు భాగాలు ఉంటాయి.

* పారితోషికం: ఫోటోలు తీసే సమయానికి, ముందు చేసే సన్నాహానికి, తరువాత చేసే దిద్దుబాటుకు తీసుకునే సొమ్ము.
* ఖర్చులు: ప్రయాణం, బస, సహాయకులు, అద్దెకు తెచ్చిన లైట్లు, స్టూడియో అద్దె, ఆల్బమ్ ముద్రణ మొదలైనవి. వస్తు సేవల పన్ను క్రింద నమోదైనవారు పన్నును వేరుగా చూపుతారు.
* వినియోగ రుసుము: చిత్రాలను ఎక్కడ, ఎంత కాలం, ఏ మాధ్యమంలో వాడుకుంటారన్న దానిపై ఆధారపడిన సొమ్ము. ఒకే ఫోటోను దుకాణంలోని కరపత్రానికి వాడడానికి, రాష్ట్రమంతటా హోర్డింగులపై వాడడానికి ఒకే ధర ఉండదు.

లెక్కించే విధానం

రోజువారీ కనీస ధరను లెక్కించడానికి, సంవత్సరానికయ్యే మొత్తం ఖర్చును ఆదాయం వచ్చే రోజులతో భాగిస్తారు. ఉదాహరణకు కెమెరాల తరుగుదల, అద్దె, జీవనవ్యయం కలిపి సంవత్సరానికి రూ. 6,00,000 అవుతుందని, 100 రోజులు మాత్రమే పని దొరుకుతుందని అనుకుంటే, రోజుకు రూ. 6,000 వస్తేనే లాభనష్టాలు లేకుండా ఉంటుంది. దీనినే 300 రోజులతో భాగించి రోజుకు రూ. 2,000 చొప్పున పని ఒప్పుకుంటే, ఆ సంవత్సరం రూ. 4,00,000 లోటు ఏర్పడుతుంది.

సమయాన్ని తక్కువగా లెక్కగట్టడం మరొక సాధారణ పొరపాటు. ఒక హోటలు మెనూ కొరకు 20 వంటకాల ఫోటోలు తీయాలనుకుందాం. గంటకు మూడు వంటకాల చొప్పున తీస్తే దాదాపు ఏడు గంటలు పడుతుంది. ఒక్కొక్క ఫోటోను దిద్దడానికి అరగంట చొప్పున మరో పది గంటలు కావాలి. ఒక రోజు పనిగా కనిపించేది ఈ విధంగా రెండు రోజులు దాటుతుంది.

బేరసారాలు

క్లయింటు ధర తగ్గించమని కోరినపుడు పని పరిమాణాన్ని కూడా తగ్గించడం మంచి పద్ధతి. ఫోటోల సంఖ్యను, దిద్దుబాట్లను లేదా వినియోగ కాలాన్ని కుదించవచ్చు. ఏమీ తగ్గించకుండా ధర మాత్రమే తగ్గిస్తే మొదటి అంచనా ఎక్కువ వేసి చెప్పినదనే అనుమానం కలుగుతుంది. తరువాతి పనులకు కూడా ఆ తక్కువ ధరే ప్రాతిపదిక అవుతుంది. అడ్వాన్సు, పని రద్దయితే చెల్లించవలసిన సొమ్ము, ఫోటోలు అందజేసే తేదీ, అదనపు పనికి ధర మొదలైనవి ముందుగానే వ్రాసుకుంటారు.

చట్టపరమైన స్థితి

భారత కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షను ప్రకారం ప్రతిఫలం చెల్లించి తీయించిన ఫోటోకు, విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, తీయించిన వ్యక్తి తొలి యజమాని. పత్రికలో ఉద్యోగి అయిన ఫోటోగ్రాఫరు విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, ప్రచురణకు సంబంధించినంత వరకు హక్కు పత్రిక యజమానిది. మిగిలిన హక్కులు ఫోటోగ్రాఫరువి.

19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ వ్రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో కాలపరిమితి పేర్కొనకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం మేరకు మాత్రమే అని భావిస్తారు. హక్కు బదిలీ అయిన తరువాత కూడా తానే కర్తనని చెప్పుకునే హక్కును 57వ సెక్షను కల్పిస్తుంది.

బ్రిటన్‌లో కూడా పూర్వం తీయించినవారికే హక్కు ఉండేది. 1988 నాటి చట్టం దానిని ఫోటోగ్రాఫరుకు ఇచ్చింది. భారతదేశంలో పాత సూత్రమే కొనసాగుతున్నది. కావున తన ఫోటోలపై హక్కును నిలుపుకోదలచిన ఛాయాచిత్రకారుడు ఆ మాటను పని మొదలుకాక ముందే ఒప్పందంలో వ్రాయించుకోవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* ఛాయాచిత్రకళ
* కాపీహక్కు
* ఒప్పందం