పోస్టరు ఎవరి కోసం?

యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు నేరుగా కారణమైందని 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంచనా. కంటికి కనిపించని ఈ ముప్పును కళ్లకు కట్టించే పని కళాకారులు ఎప్పుడో అందుకున్నారు. బ్రిటన్‌కు చెందిన అనా డుమిట్రియు మొండి బ్యాక్టీరియా ఎంఆర్‌ఎస్‌ఏను నూలు గుడ్డల మీద పెంచి, ఆ ముక్కలతో బొంత కుట్టారు. సూక్ష్మజీవి పెరిగిన మేర గుడ్డ నీలమైంది. యాంటీబయాటిక్‌తో వేసిన డిజైన్ల దగ్గర దాని ఎదుగుదల ఆగింది. క్రిములను చంపాకే ప్రదర్శనకు పెట్టారు లెండి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ చేపట్టిన ‘సూపర్‌హీరోస్ అగైనెస్ట్ సూపర్‌బగ్స్’ బడిపిల్లల చేతే కామిక్సులు గీయించింది. గీసిన పిల్లలకు విషయం బాగానే ఎక్కి ఉంటుంది. అయితే తెలిసినంత మాత్రాన మందుల వాడకం మారుతుందా?

లావోస్‌లోని రెండు పల్లెల్లో అవగాహన కార్యక్రమం పెట్టి, ముందూ వెనకా 1,130 మంది పెద్దలను సర్వే చేశారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, స్వయంగా పాల్గొన్న 58 మందికి అవగాహన పెరిగింది. ఊళ్లో ఆ కబురు మాత్రం కాస్త కలిగినవాళ్ల మధ్యే తిరిగింది. ప్రవర్తన మారిందనడానికి దొరికిన ఆధారాలు తక్కువ, అవీ తలోదారి. కొందరు ఆస్పత్రులకు వెళ్లి యాంటీబయాటిక్‌లు ఇంకా ఎక్కువ తెచ్చుకుని ఉండవచ్చన్న సూచన కూడా వాటిలో ఉంది. ఇంగ్లండ్‌లో 2014-15లో జరిగిన పరీక్షలోనూ రోగులనుద్దేశించిన కరపత్రాలు, పోస్టర్లు చెప్పుకోదగ్గ తేడా తేలేదు. అదే పరీక్షలో, ‘మీ ప్రాంతంలో 80 శాతం మంది కంటే మీరే ఎక్కువ రాస్తున్నారు’ అని డాక్టర్లకు పంపిన ఉత్తరం యాంటీబయాటిక్‌లు రాయడాన్ని 3.3 శాతం తగ్గించింది.

లాస్ ఏంజెలెస్‌లోని 5 క్లినిక్కుల్లో వాడిన పోస్టరులో కళ పెద్దగా లేదు. అవసరం లేనప్పుడు యాంటీబయాటిక్ రాయనని డాక్టరు ఇచ్చిన మాట, పక్కన ఆయన ఫొటో, కింద సంతకం, అంతే. దాన్ని రోగిని చూసే గదిలోనే 12 వారాలు అతికించి ఉంచారు. అంతకుముందు, ఆ మందు అక్కర్లేని శ్వాస జబ్బులతో వచ్చినవారిలో నూటికి 43 మందికి దాన్ని రాసేవారు. పోస్టరు ఉన్న గదుల్లో అది 33.7కు దిగింది, లేనిచోట 52.7కు పెరిగింది. ప్రయోగంలో ఉన్న మందు రాసేవారు 14 మందే కాబట్టి ఫలితాన్ని సాగదీయకూడదు. అయినా నాకు ఇందులో కనిపించేది ఒకటుంది: రోగికి బోధించడం కన్నా, రాసే చేతిని ఆ క్షణంలో ఆపడం మీద డిజైన్‌కు పట్టు ఎక్కువ. కాకపోతే ఇంజెక్షన్ పడితేగానీ జ్వరం తగ్గదనుకునే ఊళ్లో, ఆర్‌ఎంపీ గది గోడ మీద అదే సంతకానికి అంత బరువు ఉంటుందని అనుకోలేం.

మన దగ్గర యాంటీబయాటిక్ స్ట్రిప్పు మీద, చీటీ లేకుండా వాడొద్దన్న హెచ్చరికగా నిలువుగా ఎర్రగీత ఉంటుంది. 2016 నుంచి కేంద్రం ప్రచారం చేస్తున్నదీ దాని గురించే. కానీ షాపులో కత్తెరతో రెండు మాత్రలు కత్తిరించి ఇస్తే, హెచ్చరిక సగం స్ట్రిప్పుతో పాటే అక్కడ ఉండిపోతుంది. కేరళ ఈ మందులను నీలం కవరులో పెట్టి ఇప్పిస్తోంది. కత్తిరించిన రెండు మాత్రలైనా కవరుతోనే ఇంటికి వెళ్తాయి. అమ్మకాలు తగ్గాయని అక్కడి ప్రభుత్వం చెబుతోంది గానీ, చీటీ లేకుండా అమ్మే షాపుల మీద ‘ఆపరేషన్ అమృత్’ పేరిట తనిఖీలు కూడా 2024లోనే మొదలయ్యాయి. కవరు వాటా ఎంతో, తనిఖీల భయం వాటా ఎంతో తేలాలంటే రెండింటినీ వేర్వేరు జిల్లాల్లో విడిగా పెట్టి చూడాలి.