ముంబయి భోజనశాలలు: పంక్తి నుండి బల్ల దాకా

వెల తీసుకొని అన్నం పెట్టే ఇల్లు తెలుగువారికి కొత్తది కాదు. క్రీడాభిరామంలోని ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లూ, కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మా సాహిత్య పాఠకులకు చిరపరిచితులే. అయితే అన్నానికి వెల కట్టినంత మాత్రాన పంక్తి అందరిదీ అయిపోలేదు. ఎవరు వండాలి, ఎవరి సరసన ఎవరు కూర్చోవాలి అన్న సంగతి ఊళ్ళో ముందుగానే నిర్ణయమై ఉండేది. నానా దేశాల, నానా మతాల జనం వచ్చి చేరిన నగరంలో మాత్రం ఆ నిర్ణయం ఎవరి చేతిలోనూ పూర్తిగా లేకపోయింది. ప్రతి భోజనశాల గుమ్మం దగ్గరా అది మళ్ళీ మళ్ళీ తేలవలసి వచ్చింది. 1995లో ముంబయి అన్న పేరు అధికారికంగా స్థిరపడిన బొంబాయి నగర చరిత్రను ఈ గుమ్మాల దగ్గర నిలబడి చూడటం ఒక విధంగా దేశ చరిత్రనే చూడటం.

పోర్చుగీసు రాజకుమారి కట్నంగా 1661లో ఆంగ్ల ప్రభువుకు దక్కి, 1668లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన ఈ దీవుల సముదాయం, పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలో ఒక్కసారిగా పెరిగింది. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుండి ఠాణాకు తొలి రైలు నడిచింది. మరుసటి ఏడే కావస్జీ దావర్ తొలి బట్టల మిల్లుకు పునాది వేశారు. రేవుకూ, రైలుకూ, మిల్లుకూ కావలసిన చేతులు రత్నగిరి, సాతారా జిల్లాల నుండి, గుజరాతు నుండి, గోవా నుండి, నిజాము రాజ్యం నుండి తరలివచ్చాయి. వచ్చినవారిలో అత్యధికులు ఆలుబిడ్డలను ఊళ్ళోనే విడిచి వచ్చిన మగవారు. ఒక్కొక్క గదిలో పదిమందీ పదిహేనుమందీ పాళీల ప్రకారం పడుకొనే ఆ బతుకులో పొయ్యి వెలిగించే తీరిక గాని చోటు గాని లేదు. నగరపు భోజనశాల పుట్టింది విలాసం కోసం కాదు, ఈ అవసరం నుండి.

ఆ అవసరాన్ని ముందుగా తీర్చినవి మరాఠీలో ఖానావళులని పిలిచే పూటకూళ్ళ ఇళ్ళు. గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు, అని పేరుపడిన పరేల్, లాల్‌బాగ్ ప్రాంతాల చాళ్ళలో ఒక గృహిణి తన ఒంటి గదిలోనే ఇరవై ముప్ఫయి మందికి వండి పెట్టేది. ఉదయం పాళీ వారికి ఒక పంక్తి, రాత్రి పాళీ వారికి మరొకటి. రొట్టె, పప్పు, కూర, అన్నం, వారానికొకసారి చేపలో మాంసమో. లెక్క నెలకొకసారి, మిల్లులో జీతం అందినప్పుడే ఆమెకూ డబ్బు అందేది. అంతదాకా సరుకులు కిరాణా కొట్టులో అరువు, ఆ అరువు మీద వడ్డీ. మిల్లులో సమ్మె జరిగితే జీతం ఆగేది, కాని ఆకలి ఆగదు గనుక ఆమె వంట ఆగేది కాదు. కార్మికోద్యమ చరిత్రలు నాయకుల ప్రసంగాలను భద్రపరిచినంత శ్రద్ధగా ఈ అప్పుల పద్దులను భద్రపరచలేదు. నెలల తరబడి సాగిన సమ్మెలు ఎవరి గిన్నె మీద నిలిచాయో ఆ పద్దులే చెప్పగలిగేవి. గోవా విముక్తి పోరాటంలోనూ, కార్మిక సంఘాలలోనూ పనిచేసిన ప్రేమా పురవ్ 1975లో ఈ స్త్రీలను కూడగట్టి అన్నపూర్ణా మహిళా మండలిని స్థాపించి, జాతీయ బ్యాంకుల నుండి వారికి చిన్న అప్పులు ఇప్పించటంతో వడ్డీ వ్యాపారి పట్టు కొంత సడలింది.

ఖానావళిలో కులం ఉండేది. సతారా వారు సతారా ఇంటనూ, కొంకణ్ వారు కొంకణ్ ఇంటనూ తినేవారు. ఒకే ఊరివారు, తరచు ఒకే కులంవారు. మిల్లు లోపలా ఇదే తీరు. నేత ఖాతాలో పేకపోగు తెగినప్పుడు కార్మికుడు నాడె కంటికి నోరు పెట్టి పోగును పీల్చి తీయవలసి వచ్చేది. అస్పృశ్యులని ముద్రపడినవారి ఎంగిలి తగిలిన నాడెను తాము తాకబోమని తక్కినవారు పట్టుబట్టడంతో, ఎక్కువ కూలి గిట్టే నేత ఖాతా దళితులకు మూతపడింది. తక్కువ కూలి ఉన్న వడుకు పనే వారికి మిగిలింది. 1928 నాటి మహాసమ్మె సందర్భంలో డాక్టర్ అంబేద్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందు నిలదీశారు. ఒకే యంత్రానికి కట్టుబడి ఒకే యజమానితో పోరాడే మనుషుల మధ్య కూడా ఎంగిలి అన్న మాట గోడ కట్టగలిగిందంటే, టీ కొట్టులో వేరు కప్పు ఉండటంలో వింత లేదు.

ఈ నగర నిర్మాణంలో తెలుగువారి పాలు తక్కువది కాదు. నిజాము రాజ్యపు తెలంగాణ ప్రాంతం నుండి వచ్చి, రోడ్లూ భవనాలూ కట్టిన కూలీలను అక్కడివారు కామాఠీలన్నారు. కామాఠీపురా అన్న పేరు వారి నుండి వచ్చిందే. వారిలో కాంట్రాక్టర్లుగా ఎదిగిన కొందరు జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక్ సమాజానికి అండగా నిలిచారు. తన ఇంటి నీటి తొట్టిని అస్పృశ్యులకు తెరిచిన మనిషికి బొంబాయిలో బలమిచ్చినవారిలో తెలుగు మేస్త్రీలుండటం మన చరిత్రకారులు ఇంకా తగినంతగా పట్టించుకోని అంశం. తరువాతి కాలంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు మిల్లుల నేత ఖాతాలకు వచ్చారు. భివండీ మరమగ్గాల దాకా వ్యాపించారు. అయినా బొంబాయిలో తెలుగు భోజనశాల అన్నది ఉడిపి హోటలు వలె ఒక పేరుగా నిలవలేదు. కుటుంబంతో వచ్చినవారు ఇంటనే వండుకోవటం దీనికొక కారణం కావచ్చు.

గోడ కట్టిన నగరమే ఆ గోడలో ఒక కిటికీని కూడా తెరిచింది. పందొమ్మిదో శతాబ్ది చివరి దశకాలలోనూ, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలోనూ ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుండి పేదరికానికీ, మతపరమైన వేధింపులకూ తాళలేక జొరాస్ట్రియనులు బొంబాయి చేరారు. శతాబ్దాల క్రితమే గుజరాతు తీరానికి వచ్చి స్థిరపడిన పార్సీలకు వీరు మతరీత్యా బంధువులే అయినా, సంపదలోనూ భాషలోనూ వేరు. వీధి మూలన ఉన్న దుకాణం అచ్చిరాదని హిందూ వర్తకులు వెనుకాడగా, ఆ మూల కొట్లే ఇరానీలకు చవకగా దొరికాయని చెబుతారు. రెండు వీధుల వైపు తలుపులు, పాలరాతి పలకల బల్లలు, ఐరోపా నుండి దిగుమతి అయిన వంపు కర్ర కుర్చీలు, గాజు సీసాలలో బిస్కట్లు, గల్లాపెట్టె వెనుక యజమాని. ధోబీతలావ్‌లోని క్యానీ 1904 నాటిది; బల్లార్డ్ ఎస్టేటులోని బ్రిటానియా 1923 నాటిది. వందల సంఖ్యకు చేరిన ఈ హోటళ్ళలో ఒక కప్పు టీ, వెన్న రాసిన బన్ను చాలు, బస్తీ కూలీ నుండి బ్యారిస్టరు దాకా ఎవరికైనా కుర్చీ దొరికేది.

ఇరానీ హోటలు సమతా ధర్మాన్ని బోధించటానికి పుట్టలేదు. వడ్డించేవానికి వచ్చినవాని కులంతో పని లేదు, వాని అణాతోనే పని. ముస్లిమూ కాని, హిందువూ కాని యజమాని ఇంట ఏ ఒక్కరి ఆచారమూ చెల్లలేదు. అంతకు మించి దానికి గొప్పతనం అంటగట్టటం పొరపాటు. ఇరానీల మతబంధువులైన పార్సీల వసతిగృహంలో, 1917 ప్రాంతాన బరోడాలో తల దాచుకున్న అంబేద్కర్‌ను, కులం తెలియగానే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టిన సంగతి ఆయన స్వయంగా రాసుకున్నదే. అయినప్పటికీ ఉపదేశం చేయలేని పనిని ఒక్కొక్కసారి వ్యాపారం చేస్తుందనటానికి ఇరానీ బల్ల మంచి ఉదాహరణ. పంక్తిలో కూర్చున్నవాడు తన పక్కవాని గురించి ఆలోచిస్తాడు. పాలరాతి బల్ల ముందు ఎదురెదురుగా కూర్చున్నవారు అప్పటికే పరాయివారు, టీ అయిపోగానే మళ్ళీ పరాయివారు. ఏమేమి చేయరాదో వరుసగా హెచ్చరించే ఆ హోటళ్ళ బోర్డులను నిస్సిం ఎజెకీల్ కవితగా మలిచారు. హైదరాబాదు పాఠకునికి ఈ దృశ్యమంతా తెలిసినదే. కాకపోతే అక్కడి ఇరానీ హోటళ్ళ యజమానులలో ఎక్కువమంది ముస్లిములు.

ధనికుల పంక్తిలోనూ గోడలున్నాయి. ఇనుప చట్రంతో కట్టిన వాట్సన్స్ హోటలు తెల్లవారిది. 1896 జులై 7న లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలను ఈ దేశంలో తొలిసారి ప్రదర్శించింది అక్కడే. అందులోకి రానివ్వనందుకే జంషెడ్జీ టాటా 1903లో తాజ్‌మహల్ హోటలు తెరిచారన్న కథ బాగా ప్రచారంలో ఉంది. దానికి గట్టి ఆధారం లేదు. కాని ఆ కథ ఇన్నాళ్ళు నిలవటమే ఆ కాలపు అవమానానికి ఒక సాక్ష్యం.

1896లో ప్లేగు సోకిన తరువాత, 1898లో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు నగరాన్ని ఉత్తరానికి విస్తరించింది. అలా తీర్చిన మాటుంగాలో రైల్వే, బ్యాంకు, ప్రభుత్వ కార్యాలయాల గుమాస్తాలైన దక్షిణాదివారు స్థిరపడ్డారు. వారికోసం ఉడిపి ప్రాంతం నుండి వంటవారు వచ్చారు. పసివయసులో వచ్చి వంటింటి చాకిరీతో మొదలుపెట్టిన ఎ. రామ నాయక్ 1942లో మాటుంగా స్టేషను పక్కన శ్రీకృష్ణ బోర్డింగు తెరిచి, అరటాకులో భోజనం పెట్టారు. తొలినాళ్ళ ఉడిపి హోటలు మఠపు వంటింటి మడిని వెంట తెచ్చుకున్నదే. వంటవాడు బ్రాహ్మణుడన్న హామీయే దాని మొదటి ఆకర్షణ. కాని మడి కోసం పుట్టిన ఆ శుభ్రతే క్రమంగా గుజరాతీకీ, మరాఠీకీ, ముస్లిముకూ కూడా నమ్మకమైంది. ఇడ్లీ, దోసె ఏ కులానివీ కాకుండా పోయాయి. పగలు బల్లలు తుడిచిన కుర్రవాళ్ళు రాత్రి కన్నడ బడులలో చదువుకొని, తరువాత తామే యజమానులయ్యారు.

హోటలుకు వెళ్ళనివారి సంగతీ హోటలు చరిత్రలో భాగమే. ఇంటి వంట తప్ప ముట్టనివారి కోసం 1890 ప్రాంతం నుండి డబ్బావాలాలు శివారు ఇళ్ళ నుండి కార్యాలయాలకు అన్నం మోస్తున్నారు. ఆ డబ్బా మూత కింద రుచి ఎంత ఉన్నదో, ఆచారం అంతే ఉన్నది.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ వ్యవహారాన్ని వర్తకుని విచక్షణకు వదలలేదు. మతం, కులం, జన్మస్థలం వంటి కారణాలతో దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళలో ఏ పౌరునికీ ప్రవేశం నిరాకరించరాదని 15వ అధికరణం రెండవ ఖండం శాసించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, భోజనశాలలో ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవటాన్ని కూడా నేరమన్నది. చట్టానికి పాత్ర పేరెత్తవలసి వచ్చిందంటే, వేరు కప్పు ఎంత నిజమో ఊహించవచ్చు. కాలాఘోడాలోని వేసైడ్ ఇన్‌లో కూర్చొని అంబేద్కర్ రాజ్యాంగ రచన కాగితాలు చూసుకొనేవారని నగరంలో చెప్పుకుంటారు. కవి అరుణ్ కొలాట్కర్ ఏళ్ళ తరబడి అదే హోటలు కిటికీ నుండి కాలిబాట మీది పేదల ఫలహారాన్ని చూశారు. 2004లో వెలువడిన ఆయన కాలాఘోడా కవితలకు ఆ చూపే మూలం.

దేశ విభజన మరొక పొరను చేర్చింది. సయన్ కోలీవాడాలో స్థిరపడిన పంజాబీ కాందిశీకులు చేపకు, రొయ్యకు శనగపిండి పూసి వేయించి, బెస్తవారి పేటకు తమ రుచినిచ్చి, తమ వంటకానికి ఆ పేట పేరు తీసుకున్నారు. కొన్నాళ్ళకు ఇదే నగరంలో జన్మస్థలం తిరిగి ప్రశ్నగా మారింది. 1966లో శివసేన ఏర్పడి, ఉద్యోగాలలో దక్షిణాదివారి ప్రాబల్యానికి వ్యతిరేకంగా ఉద్యమించినప్పుడు రాళ్ళు పడిన వాటిలో ఉడిపి హోటళ్ళున్నాయి. అదే ఏడు దాదర్ స్టేషను బయట అశోక్ వైద్య అమ్మటం మొదలుపెట్టారని చెప్పే వడాపావ్ తరువాత మరాఠీ ఆత్మగౌరవానికి గుర్తయింది. ఆ వడలోని బంగాళాదుంప, దాన్ని ఇముడ్చుకున్న పావ్ రెండూ పోర్చుగీసుల వెంట వచ్చినవే.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. అది గెలుపుతో గాని ఒప్పందంతో గాని ముగియలేదు, మిల్లులే ముగిశాయి. ఖానావళుల పంక్తులు ఖాళీ అయ్యాయి. 1991 తరువాత మిల్లు భూములపై నియమాలు సడలి, 2001లో మరింత మారటంతో ఆ ఆవరణలలో కార్యాలయ భవనాలూ ఖరీదైన భోజనశాలలూ వెలిశాయి. 2017 డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలోని మేడపై భోజనశాలలలో అగ్నిప్రమాదం సంభవించి 14 మంది మరణించారు. నిప్పు, బాట, మెట్లు వంటి సాధారణ నియమాల అతిక్రమణ అక్కడ అందరికీ కనిపించింది. ఒకప్పుడు అదే పేటలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది కులం నిర్ణయించేది. ఇప్పుడు భోజనపు బిల్లు నిర్ణయిస్తున్నది. బిల్లును నిషేధించే అధికరణం ఏదీ లేదు.

ఇరానీ హోటళ్ళు ఒక్కొక్కటిగా మూతపడుతూ కొన్ని పదులకు తగ్గాయి. పాత అద్దెల తగాదాలు, భాగస్వాముల మధ్య పంపకాలు, విదేశాలకు వెళ్ళిన పిల్లలు అందుకు కారణాలు. 1871 నాటి లియోపోల్డ్ మాత్రం 2008 నవంబరు 26న ఉగ్రవాదుల కాల్పులలో తన అతిథులనూ పనివారినీ పోగొట్టుకొని కూడా కొద్ది రోజులలోనే తలుపులు తెరిచింది. గోడలోని తూటా గుర్తులను పూడ్చలేదు.

ప్రభుత్వం కూడా పూటకూళ్ళు నడిపి చూసింది. 1995లో మహారాష్ట్ర ప్రభుత్వం ఒక్క రూపాయికి జుణ్కా, భాకరీ పెట్టే కేంద్రాలను తెరిచింది. కొన్నేళ్ళకే ఆ పథకం ఆగిపోగా, కాలిబాటల మీది ఆ కొట్లు ఎవరివన్న తగాదాలు చాలాకాలం సాగాయి, వాటిలో ఇతర ఫలహారాల అమ్మకమూ సాగింది. 2020 జనవరి 26న, రాజ్యాంగం అమలులోకి వచ్చి సరిగ్గా డెబ్బయి ఏళ్ళు నిండిన నాడు, పది రూపాయల శివ్ భోజన్ పళ్ళెం మొదలైంది. రెండు చపాతీలు, ఒక కూర, పప్పు, అన్నం: గిరణ్‌గావ్ ఖానావళిలో ఒకప్పుడు నెల లెక్కన పెట్టిన భోజనమే ఇది.